నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే తెలుగు ఊళ్ళలో నల్లబట్టలు కనిపించడం మొదలవుతుంది. నిన్నటిదాకా పొద్దుగూకితే బెల్టు షాపు దగ్గర తేలే మనిషి ఇప్పుడు తెల్లవారుజామునే లేచి చన్నీళ్ళు పోసుకుంటాడు. నుదుట విభూతి, గంధం, కుంకుమ పెట్టుకుని చెప్పుల్లేకుండా గుడికి నడుస్తాడు. మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, పడక నేలమీద చాప. మందు లేదు, సిగరెట్టు లేదు, మాంసం లేదు, నోట బూతుమాట లేదు. శబరిమల వెళ్ళే అయ్యప్పలది నలుపు, బెజవాడ ఇంద్రకీలాద్రికి వెళ్ళే భవానీలది ఎరుపు, కొండగట్టు అంజన్న స్వాములది కాషాయం. రంగులు వేరైనా లెక్క ఒకటే. మండలం, అంటే 41 రోజులు. పనీపాటా మానుకుని అడవికి పోయి చేసే తపస్సు కాదిది. ఆటో నడుపుతూ, తాపీ పని చేస్తూ, బ్యాంకు కౌంటర్లో కూర్చుంటూ ఏటా ఎంతోమంది చేసి చూపిస్తున్నారు. నిగ్రహం ఋషులకే గానీ సంసారులకు కుదిరేది కాదనే వాదన ఇక్కడే వీగిపోతుంది.

అసలు ప్రశ్న ఆ తర్వాతిది. ఇరుముడి దించి, మాల తీసేసి ఇంటికొచ్చిన మనిషి 42వ రోజున ఎలా ఉంటాడు? కొందరు నిజంగానే మారతారు. మాలతో మొదలుపెట్టి మందు పూర్తిగా మానేసినవాళ్ళు లేకపోలేదు. చాలామంది విషయంలో మాత్రం పాత అలవాటు పాత వేళకే వచ్చి పాత చోటనే కూర్చుంటుంది. మాల తీసిన రాత్రే సీసా తీశాడని నవ్వుకోవడం మనకు మామూలే. నవ్వి ఊరుకుంటే చేతికందిన మంచి సాక్ష్యాన్ని జారవిడుచుకున్నట్టే. 41 రోజులు నిలిచినవాడు 42వ రోజున ఎందుకు జారాడు? మనోబలం చాలలేదంటే జవాబు కాదు. నిన్నటిదాకా చాలిన మనోబలం రాత్రికి రాత్రి ఎటుపోయింది? ఈ అధ్యాయంలో నేను వాదించేది ఇదీ: మనం నిగ్రహానికి బరువు ఎక్కువ, గడువు తక్కువ పెడుతున్నాం. దాన్ని తిరగేసి బరువు తగ్గించాలి, గడువు ఎత్తేయాలి. ఆ తగ్గించిన బరువును కూడా తిండీ స్నానాల మీద కంటే ముందు ఎదుటి మనిషితో మన నడవడి మీద పెట్టాలి. ఈ మాట మన ధర్మగ్రంథాలు చెప్పిందే. మనం చెవిన పెట్టలేదంతే.

ముందు దీక్ష ఎలా నిలుస్తుందో దగ్గరగా చూద్దాం. గుళ్ళో గురుస్వామి నలుగురి ఎదుట మెడలో మాల వేస్తాడు. ఆ క్షణం నుంచి మాట తప్పితే తన ఒక్కడికే కాదు, ఊరందరికీ తెలిసిపోతుంది. ఒంటిమీది బట్ట కాపలా కాస్తుంది. అలవాటు కొద్దీ షాపు వైపు అడుగు పడినా "స్వామీ, మీరిటొచ్చారేంటి?" అని షాపువాడే అడుగుతాడు, సీసా చేతికివ్వడు. ఇంట్లో భార్య, బడికెళ్ళే కొడుకు, పనిచోట మేస్త్రీ, అందరూ స్వామీ అనే పిలుస్తారు. రోజుకు పాతికసార్లు ఆ పిలుపు విన్నవాడికి బూతు నోటిదాకా వచ్చినా పెదవి దాటదు. ఇక పాత స్నేహితులు పోగయ్యే సాయంత్రం వేళకు సరిగ్గా సన్నిధానంలో భజన మొదలవుతుంది. ఆ వేళ ఖాళీగా ఉండదు. వీటన్నిటికీ తోడు ఇది ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. సాక్షులు, గుర్తు, పిలుపు, సహవాసం, ముగింపు తేదీ, ఈ అయిదూ కలిసి మనిషిని నిలబెడతాయి. మనోబలం చేసే పని మనం అనుకున్న దానిలో పావువంతు కూడా ఉండదు. మాల తీయగానే అయిదూ ఒక్కసారిగా తొలగిపోతాయి. ఆధారాలన్నీ ఒకే పూట లాగేశాక గోడ కూలిందని గోడను తిట్టడం న్యాయం కాదు.

ఇది ఒక కారణం మాత్రమే. రెండోది ఇంకా లోతైనది. దీక్ష నియమాల జాబితాను ఓసారి మనసులో చదువుకోండి. స్నానం, బట్ట, చాప, భోజనం, చెప్పులు, బ్రహ్మచర్యం, పూజ. దాదాపు అన్నీ మనిషికి తన ఒంటితోనూ తన దేవుడితోనూ ఉన్న సంబంధాలే. కోపం మానాలి, అబద్ధం ఆడకూడదు అని గురుస్వాములు చెప్పకపోరు. కానీ చన్నీళ్ళ స్నానం తప్పితే దీక్ష చెడిందని బెంగపడే మనిషి, కిరాణా బాకీ ఎగ్గొడితే దీక్ష చెడిందని బెంగపడడు. పతంజలి యోగసూత్రాల్లో ఎనిమిది అంగాల వరుస అందరికీ తెలిసిందే. మొదటి అంగం యమం, రెండోది నియమం. అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం, బ్రహ్మచర్యం, అవసరానికి మించి కూడబెట్టకపోవడం యమాలు. శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం నియమాలు. మొదటి అయిదింటిలో ఎక్కువ భాగం ఎదుటి మనిషి ఉంటే గాని అర్థం లేనివి, రెండో అయిదూ ఒంటరిగా గదిలో కూర్చునైనా చేసుకోగలిగేవి. ఎదుటి మనిషికి సంబంధించినవాటినే ముందు పెట్టాడు. మనుస్మృతి నాలుగో అధ్యాయం ఇదే మాటను ఇంకాస్త కటువుగా చెబుతుంది. యమాలను ఎప్పుడూ పాటించాలి, అవి వదిలేసి నియమాలనే పట్టుకున్నవాడు పతనమవుతాడంటుంది. మనుస్మృతిలోని చాలా మాటలు ఈనాడు ఒప్పుకోలేనివే, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఆచారానికి అంతగా పట్టం కట్టిన ఆ పుస్తకం సైతం ఇక్కడ నడవడి పక్షాన నిలిచిందన్నదే గమనించాల్సిన సంగతి.

అంతకంటే పాతదైన గౌతమ ధర్మసూత్రం ఈ తూకాన్ని లెక్కగట్టి మరీ చూపించింది. ఎనిమిదో అధ్యాయంలో గర్భాధానం మొదలుకొని సోమయాగాల దాకా నలభై సంస్కారాలు వరసగా చెప్పి, ఆ వెంటనే ఎనిమిది ఆత్మగుణాలు చెబుతుంది. ప్రాణులన్నిటి మీదా దయ, ఓర్పు, అసూయ లేకపోవడం, శుచి, ఒంటిని అతిగా కష్టపెట్టుకోకపోవడం, మంగళకరమైన వర్తన, లోభం లేకపోవడం, ఇతరుల సొత్తు మీద ఆశ లేకపోవడం. నలభై సంస్కారాలూ జరిగి ఈ ఎనిమిదీ లేనివాడికి బ్రహ్మలోకం లేదట. సంస్కారాల్లో ఏ కొన్నో మాత్రమే జరిగినా ఈ ఎనిమిదీ ఉన్నవాడికి ఉందట. కర్మకాండను ఇంత వివరంగా రాసిపెట్టిన గ్రంథమే దాని విలువకు ఇలా హద్దు గీసింది. పైగా ఆ ఎనిమిదిలో ఒంటిని హింసించుకోవద్దనేది కూడా ఒకటి. ఉపవాసంతో కళ్ళు తిరిగి పడిపోవడమే భక్తి అనుకునేవాళ్ళు ఈ జాబితాను ఇంకోసారి చూడాలి. గీత ఆరో అధ్యాయం అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదంటుంది. పదిహేడో అధ్యాయం శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో ఒంటిని పీడించేవాళ్ళను అసురుల పద్దులో రాస్తుంది.

మహాభారతం ఇదే విషయాన్ని కథల్లోకి దించింది. శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కదలకుండా ఎంతకాలం నిలబడ్డాడంటే జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, ఎగిరిపోయాయి కూడా. అప్పటికి ఆయన భుజాలు చరుచుకుని ధర్మం తనకు దక్కిందనుకున్నాడు. వారణాసిలో తులాధారుడనే వర్తకుడి పాటి కూడా నువ్వు చెయ్యవని ఆకాశవాణి పలికింది. వెళ్ళి చూస్తే ఆ మహానుభావుడు అంగట్లో కూర్చుని తూకం వేస్తున్నాడు. ఆయన సాధనంతా ఆ తక్కెడలోనే ఉంది. మిత్రుడికీ శత్రువుకీ ఒకే తూకం. రకరకాల ద్రవాలు అమ్ముతాడు గానీ మద్యం అమ్మడు, మోసం చేయడు. అరణ్యపర్వంలో, తెలుగులో ఎర్రన పూరించిన భాగంలో, కౌశికుడి కథ ఉంది. తన మీద రెట్ట వేసిన కొంగను చూపుతోనే కాల్చిన తపస్వి ఆయన. భిక్ష తేవడం ఆలస్యమైందని ఒక ఇల్లాలి మీద కన్నెర్రజేస్తే, నేను కొంగను కానయ్యా అని ఆమె నెమ్మదిగా చెప్పి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో ధర్మవ్యాధుడి దగ్గరకు వెళ్ళమంది. ఆ వ్యాధుడు మాంసం కొట్టు నడుపుతున్నాడు, ముసలి తల్లిదండ్రులకు సేవ చేసుకుంటున్నాడు. రెండు కథల్లోనూ నిగ్రహం పుష్కలంగా ఉన్నవాడే విద్యార్థి, అంగడిలో ఉన్నవాడే గురువు. జాజలి దేహం కదల్లేదు, అహంకారం కదిలింది. కౌశికుడికి ఆకలి మీద అదుపు ఉంది, కోపం మీద లేదు. ఏళ్ళ తరబడి సాధించిన శక్తి ఒక కొంగమీద ఖర్చయింది, ఆలస్యం చేసిన ఒక ఇల్లాలి మీద ఖర్చవబోయింది.

ఆ ఇల్లాలి దగ్గర ఇంకొంచెం ఆగాలి. మన ఇళ్ళలో మగవాడు మాల వేసుకుంటే ఆయనకంటే ముందు లేచేది ఎవరు? వంటిల్లు కడిగి, స్వామికి వేరే గిన్నెలు పెట్టి, ఉల్లి వెల్లుల్లి లేని వంట వేరుగా వండి, పిల్లలకు మామూలు వంట ఇంకోటి చేసి, సాయంత్రం అల్పాహారానికి పిండి రుబ్బి, పడిపూజనాడు వచ్చిన పదిమంది స్వాములకు భిక్ష ఏర్పాటు చేసే మనిషి మెడలో మాల ఉండదు. వేళకు కాఫీ రాలేదనో, పళ్ళెం ఎవరో ముట్టుకున్నారనో ఆమెమీద విసుక్కునే స్వామికి తన దీక్షలో ఎక్కడా లోటు కనిపించదు, నియమాల జాబితాలో ఆ గడి లేదు కాబట్టి. ఒకరి నిగ్రహం ఇంకొకరి నడుం నొప్పిగా మారుతుంటే అది ఎవరి తపస్సు? దీక్షను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ తన బట్టలు తానే ఉతుక్కునే, తన పళ్ళెం తానే కడుక్కునే స్వాములున్నారు. వాళ్ళు చన్నీళ్ళ స్నానం కంటే పెద్ద నియమమే పాటిస్తున్నారు. అహింసను వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు, మొదటి పరీక్ష వంటింటి గుమ్మం దగ్గరే ఉంది.

ఇక గడువు సంగతి. యమాల గురించి చెప్పాక పతంజలి వెంటనే ఇంకో సూత్రం పెట్టాడు. జాతి, దేశం, కాలం, సందర్భం అనే హద్దులు లేనప్పుడే అవి మహావ్రతమవుతాయని. దానికి వ్యాసభాష్యం ఇచ్చిన ఉదాహరణలు చదివితే నవ్వొస్తుంది, ఎందుకంటే అవి నిన్న మన వీధిలో విన్న మాటల్లా ఉంటాయి. జాలరి చేపలను తప్ప వేరే ప్రాణిని చంపనంటాడు. ఇంకొకడు తీర్థక్షేత్రంలో చంపనంటాడు. మరొకడు చతుర్దశినాడు, పుణ్యదినాల్లో చంపనంటాడు. వేరొకడు దేవతల కోసం, బ్రాహ్మణుల కోసం తప్ప చంపనంటాడు. ఇవన్నీ అహింసలే, కానీ ప్రతిదానికీ వెనకవైపు తలుపు ఉంది. శనివారం ముట్టను, కార్తీకం వెళ్ళాక చూద్దాం, గుళ్ళో నిలబడి అబద్ధం చెప్తానా, మాలలో ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను గానీ. ఈ చివరి మాటను గమనించండి. ఊరుకోవడం లోపల నుంచి రాలేదు, తేదీ నుంచి వచ్చింది. తేదీ అయిపోతే ఊరుకోవాల్సిన పని లేదని మనిషి తనకు తానే చెప్పుకుంటున్నాడు. 41 రోజులూ అతను కోపాన్ని మానుకోలేదు, వాయిదా వేశాడు. అభ్యాసం దృఢపడాలంటే అది చాలాకాలం, తెంపు లేకుండా, శ్రద్ధగా సాగాలని పతంజలి మొదటి పాదంలోనే చెప్పాడు. తెంపు లేకుండా అన్నది మనకు కొరుకుడుపడని షరతు.

ఇక్కడ చదువరి అడ్డు తగలవచ్చు. గడువు తీసేయమంటున్నారు సరే, బరువు తగ్గించుకోమని కూడా అంటున్నారు కదా, అదీ హద్దు పెట్టడమే కదా, జాలరి చేసిందీ అదే కదా అని. గట్టి ప్రశ్నే. జైనులు దీనికి ఎప్పుడో ఒక దారి చూపారు. అహింస మొదలైన అయిదు వ్రతాలనే సన్యాసులకు మహావ్రతాలుగా, గృహస్థులకు చిన్నపాటి అణువ్రతాలుగా విధించారు. సంసారి తాహతును బట్టి తీవ్రత తగ్గించారు గానీ ఈ మనిషితో ఒకలా, ఆ రోజున ఇంకోలా అనే వెసులుబాటు ఇవ్వలేదు. తగ్గించుకోవాల్సింది పని పరిమాణాన్ని, మినహాయింపుల జాబితాను పెంచుకోకూడదు. రేపటినుంచి ఎప్పుడూ అబద్ధం ఆడనని ప్రతిజ్ఞ చేసినవాడు మధ్యాహ్నానికల్లా ఓడిపోతాడు, ఓడిపోయానని మొత్తం వదిలేస్తాడు. డబ్బు విషయంలో అబద్ధం ఆడను, అది ఎవరితోనైనా, ఎక్కడైనా, ఎంతైనా సరే అనుకున్నవాడి వ్రతం చిన్నది. కానీ దానికి వెనక తలుపు లేదు. బాకీవాడు ఫోన్ చేసినా, ఇంటద్దె ఆలస్యమైనా, పెళ్ళాం జీతమెంత అని అడిగినా, పన్నులవాళ్ళు అడిగినా ఒకే వ్రతం. అది ఒంటికి పట్టాక తర్వాతిది ఎత్తుకోవచ్చు.

ఆ చిన్న వ్రతం ఏదై ఉండాలో ఎంచుకోవడానికీ పతంజలే ఒక కొలబద్ద ఇచ్చాడు. హింస మొదలైన దోషాలను మూడు రకాలుగా చేస్తామంటాడు: మనం చేసేది, ఇతరులతో చేయించేది, ఎవరో చేస్తే సరేననేది. ప్రతిదానికీ కారణం లోభం కావచ్చు, క్రోధం కావచ్చు, మోహం కావచ్చు. తీవ్రత కొంచెం, మధ్యస్థం, అధికం అని మళ్ళీ మూడు. వ్యాసభాష్యం దీన్ని 81 భేదాల దాకా లెక్కపెట్టింది. లెక్కను బట్టీ పట్టక్కర్లేదు. మొదటి మూడింటిని మాత్రం రోజువారీ బతుకు మీద పెట్టి చూసుకోవాలి. నాన్న ఇంట్లో లేడని చెప్పు అని పిల్లాడికి ఫోన్ అందించామంటే అబద్ధం మనం ఆడలేదు, ఆడించాం. ఎవరి పరువో తీసే వీడియో వాట్సాప్ గ్రూపులో వస్తే నవ్వే బొమ్మ ఒకటి పెట్టామంటే మనం ఏమీ అనలేదు, సరేనన్నాం. మనలో చాలామందిమి స్వయంగా చేసే తప్పుల విషయంలో కాస్త జాగ్రత్తగానే ఉంటాం. చేయించేవి, సమ్మతించేవి కంటికి ఆనవు. ఒక వారంపాటు ఈ మూడు గళ్ళూ గీసుకుని రాత్రి పడుకోబోయే ముందు గుర్తొచ్చినవి రాసుకుంటే ఏ గడి నిండుతోందో తెలుస్తుంది. ఆ గడిలో పదేపదే వచ్చే ఒక్క పనిని పట్టుకోవాలి. వ్రతం అక్కడ మొదలుపెట్టాలి.

మొదలుపెట్టాక దీక్ష నుంచి నేర్చుకున్నదాన్ని వాడుకోవాలి. నిలబెట్టిన అయిదింటిలో ముగింపు తేదీనీ పిలుపునూ పక్కన పెట్టి మిగతా మూడింటినీ చిన్న ఎత్తున మళ్ళీ ఏర్పాటు చేసుకోవాలి. సాక్షి కావాలి. ఇంట్లో ఒకరికి చెప్పాలి, వీలైతే ఆ దోషం వల్ల ఎక్కువ నష్టపోతున్నవాళ్ళకే చెప్పాలి. గుర్తు కావాలి. మాల లేకపోయినా చేతికి దారమో, అద్దం మీద చీటీయో చాలు. వేళను నింపే సహవాసం కావాలి. సాయంత్రం ఏడింటికి జారేవాడికి ఏడింటికే పారాయణమో, నడకో, పిల్లల చదువో ఉండాలి, ఎనిమిదింటికి ఉంటే లాభం లేదు. గాంధీ ఆశ్రమంలో సత్యం, అహింస మొదలుకొని పదకొండు వ్రతాలుండేవి. 1930లో యరవాడ జైల్లో ఉన్నప్పుడు ఆయన మంగళవారం మంగళవారం ఒక్కో వ్రతం గురించి ఆశ్రమవాసులకు ఉత్తరం రాసేవారు. అప్పటికి అవి పాతబడిన వ్రతాలే. అయినా మళ్ళీ మొదటినుంచి వివరించి రాయాల్సిన పనుందని ఆయన అనుకున్నారు. వ్రతం ఒకసారి పట్టి వదిలేసేది కాదు, వారంవారం కొత్తగా గుర్తుచేసుకోవాల్సింది.

గుర్తుచేసుకోవడం ఎక్కడ జరగాలన్నది కూడా ముఖ్యమే. గీత రెండో అధ్యాయంలో పతనపు మెట్లు వరసగా ఉన్నాయి. ఒక విషయాన్నే తలుచుకుంటూ కూర్చుంటే దానిమీద సంగం, అంటే ఆసక్తి, పుడుతుంది, సంగం కోరికవుతుంది, కోరిక కోపమవుతుంది, అక్కడినుంచి భ్రమ, మరుపు, బుద్ధినాశం. మనం కోపాన్ని కోపం మెట్టు దగ్గర ఆపాలని చూస్తాం. అప్పటికి మూడు మెట్లు దిగిపోయి ఉంటాం, కాళ్ళు తేలిపోయి ఉంటాయి. తలుచుకుంటూ కూర్చోవడం మొదటి మెట్టు, చవగ్గా ఆపగలిగేది అక్కడే. తోడికోడలు పెళ్ళిలో అన్న మాటను బస్సులో వస్తూ మూడోసారి నెమరువేస్తున్నప్పుడు, మేనేజరుకు ఇవ్వాల్సిన జవాబును స్నానాల గదిలో రిహార్సలు వేస్తున్నప్పుడు కోపం ఇంకా పుట్టలేదు, ముహూర్తం మాత్రం పెట్టుకున్నాం. ఇలాంటి వేళ వ్యతిరేక భావన చేయమన్నాడు పతంజలి. ఇది ఎన్నటికీ తీరని దుఃఖాన్నీ అజ్ఞానాన్నీ ఇచ్చేది కదా అని ఎదురు ఆలోచన తెచ్చుకోమన్నాడు. మంచి ఊహలతో మనసును బుజ్జగించమని కాదు, ఫలితం లెక్కగట్టి చూపించమని.

లోపల కోపం అలాగే ఉండి పైకి శాంతంగా ఉంటే అది మిథ్యాచారం కాదా అని మరో అభ్యంతరం. కర్మేంద్రియాలను బిగబట్టి మనసులో విషయాలనే తలుచుకునేవాడు మిథ్యాచారుడని గీత మూడో అధ్యాయం అన్నది నిజమే. ఆ శ్లోకాన్ని సగం చదివి, మనసు శుద్ధి అయ్యేదాకా నోరు అదుపులో పెట్టక్కర్లేదని తేల్చుకునేవాళ్ళున్నారు. తర్వాతి శ్లోకమే ఇంద్రియాలను మనసుతో నియమించి పనిచేసేవాణ్ణి మెచ్చుకుంది. రెండో అధ్యాయమూ ఒక సంగతి ఒప్పుకుంది. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగినా రుచి మాత్రం మిగిలే ఉంటుందని, పరమాత్మ దర్శనంతో గాని అదీ పోదని. అంటే రుచి మిగిలి ఉండటం సాధకుడి మామూలు స్థితి, నేరం కాదు. తనలో కోపం ఉందని తెలిసి, నాలిక కరుచుకున్నవాడు సాధకుడు. తనకు కోపమే లేదని లోకాన్నీ తననూ నమ్మించేవాడు మిథ్యాచారుడు. మందు మీద మనసున్నా చెయ్యి చాపనివాడిని కపటి అని ఎవరూ అనరు. మాట విషయంలో మాత్రం ఎందుకనాలి?

ఈ లోకంలో నిజం పట్టుకుంటే బతకలేం, ఇదంతా పురాణాలకు సరిపోతుంది అనే మాట చివరికి ఎలాగూ వస్తుంది. మహాభారతం ధర్మాన్ని ఋష్యాశ్రమంలో కాకుండా తక్కెడ దగ్గరా మాంసం కొట్టు దగ్గరా కూర్చోబెట్టింది ఈ మాటను ఊహించే కావచ్చు. మోసం లేకుండా బతకడం కష్టమని ఆ గ్రంథానికి తెలియకపోలేదు. ధర్మరాజు అంతటివాడి చేతనే అశ్వత్థామ విషయంలో అర్ధసత్యం పలికించింది, దాని మచ్చనూ దాచలేదు. నిజాన్ని రాయిలా విసరమని కూడా అది చెప్పలేదు. కర్ణపర్వంలో ఇంకో కౌశికుడున్నాడు, సత్యమే పలుకుతానని వ్రతం పట్టినవాడు. ప్రాణభయంతో అడవిలో దాక్కున్నవాళ్ళ జాడ దొంగలడిగితే నిజం చెప్పాడు. వాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. గీత పదిహేడో అధ్యాయం మాటకు సంబంధించిన తపస్సును చెప్పేటప్పుడు సత్యాన్ని ఒంటరిగా వదల్లేదు. కలవరపెట్టనిది, ప్రియమైనది, హితమైనది అని మూడు షరతులు జతచేసింది. ముఖం మీద కొట్టినట్టు చెప్పడమే నా నైజం అని గొప్పలు పోయేవాళ్ళు నాలుగింటిలో ఒక్క షరతే తీరుస్తున్నారు. ఆఫీసులో కిందివాడి తప్పును నలుగురి ఎదుట కాక గదిలోకి పిలిచి చెబితే ఆ నాలుగూ కలుస్తాయి. ఈ పనికి మాల అక్కర్లేదు, మండలమూ అక్కర్లేదు.

గడువు లేని వ్రతానికి ఒక చిక్కుంది. అది ఎప్పుడో ఒకరోజు తప్పక భంగమవుతుంది. 41 రోజుల దీక్షలో తప్పకుండా గట్టెక్కేవాళ్ళున్నారు, ముప్ఫై ఏళ్ళలో అలా గట్టెక్కేవాళ్ళు అరుదు. ఎప్పుడు భంగమవుతుందని భయపడేకంటే భంగమైనప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. మధ్యలో జారినవాడి గతేమిటని అర్జునుడు ఆరో అధ్యాయంలో అడిగిందీ ఇదే. మంచి చేసినవాడెవడికీ దుర్గతి లేదని కృష్ణుడి జవాబు. మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రాయశ్చిత్తాల్లో పాపాన్ని బయటికి చెప్పుకోవడం, పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం, దానం అని చెబుతూ, చెప్పుకోవడాన్ని మొదట పెట్టింది. మళ్ళీ చేయనని మానుకోవడం వల్లనే మనిషి శుద్ధుడవుతాడని కూడా అంది. మనం సాధారణంగా ఈ వరసను తిరగేస్తాం. ఇంట్లో అరిచినదానికి గుళ్ళో కొబ్బరికాయ కొడతాం, పనివాడి కూలి తగ్గించినదానికి హుండీలో వేస్తాం. ఆ కొబ్బరికాయా ఆ హుండీ డబ్బూ చేరాల్సిన చోటుకు చేరవు. అరిచింది ఎవరి మీదో వాళ్ళ దగ్గరకే వెళ్ళి, అన్నది తప్పు అని ఒక్క ముక్క చెప్పడం ముందు. కోత పెట్టిన కూలి లెక్కగట్టి అతని చేతిలోనే పెట్టడం ముందు. ఇది చన్నీళ్ళ స్నానం కంటే కష్టంగా ఉంటుంది, తొలిసారి మాల వేసిన కన్నెస్వాములకే కాదు, పద్దెనిమిదిసార్లు కొండెక్కిన గురుస్వాములకు కూడా. ఆ తర్వాత గుడికి వెళ్ళాలనుంటే వెళ్ళవచ్చు.